గద్దెలు వాళ్ళవి, నిందలు మావి

బడిలో రజాకార్ల పాఠం వచ్చిన రోజున క్లాసు క్లాసంతా మా వైపు తిరిగి చూసేది. మేం ఇద్దరమో ముగ్గురమో ఉండేవాళ్ళం. తల దించుకుని కూచునేవాళ్ళం. ఏం తప్పు చేశామో మాకు తెలీదు. ఇంటికెళ్ళి అడిగితే మా నాన్నలకీ తెలీదు. కాశిం రజ్వీ అన్న పేరే వాళ్ళు వినలేదు. వాళ్ళకి తెలిసిందల్లా కొబ్బరితోటలు, లంకలు, రేవులు, సంతలు. దూది ఏకడం, పరుపులు కుట్టడం, మాంసం కొట్టు, సైకిలు రిపేరు. అయినా మర్నాడు ఆటల పీరియడ్లో మా పేరు 'రజాకారు'.

పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. పిలుపు మాత్రం పోలేదు, కాస్త మర్యాద నేర్చుకుందంతే. ఇప్పుడు అమలాపురం టీ కొట్టు దగ్గర పేపరు మడిచి పక్కన పెట్టి, "ఏవండీ సాయిబుగారూ, మీవాళ్ళు అలా చేశారేంటండీ?" అని అడుగుతారు. ఆ 'మీవాళ్ళు' అన్న మాటలో అల్జీరియా ఉంటుంది, సూడాన్ ఉంటుంది, అఫ్ఘనిస్తాన్ ఉంటుంది, హైదరాబాద్ పాతబస్తీ ఉంటుంది. రాజోలు ఒక్కటే ఉండదు. కొత్తపేట ఒక్కటే ఉండదు. అడిగేవాడికి పక్కింట్లో ఉన్న మేం కనపడం. సముద్రాల అవతల ఉన్నవాళ్ళంతా మా మొహంలో కనపడతారు.

ఇస్లాం పేరు మీద నడిచిన రాజకీయాలకి ఒక చరిత్ర ఉంది. దాన్ని మేం కాదనం, దాచం. కానీ ఆ రాజకీయాల్ని ఎవరు నడిపారు? ఎవరి గద్దె కోసం నడిపారు? ఎవరి వీపు మీద నడిపారు? ఈ లెక్క మాకు బడిలోనూ చెప్పలేదు, మసీదులోనూ చెప్పలేదు. అంచేత ఆ లెక్క మేమే తీస్తాం.

ముందు మా నేల సంగతి. 1766లో నిజాం అలీఖాన్ ఉత్తర సర్కార్లని ఈస్టిండియా కంపెనీకి ఒప్పందం రాసి ఇచ్చేశాడు. రాజమహేంద్రవరం సర్కారుతో పాటు మేమూ పోయాం. ఇచ్చినవాడు ముస్లిం ప్రభువు. పుచ్చుకున్నవాళ్ళు క్రైస్తవ దొరలు. దూదేకేవాడినీ అడగలేదు, పల్లెకారుడినీ అడగలేదు, మాలపల్లెనీ అడగలేదు. రజాకార్లు పుట్టేనాటికి మేం నిజాం ఏలుబడి నించి బయటపడి దాదాపు నూట ఎనభై ఏళ్ళు. మా తాతలు మద్రాసు రాజధానిలో తెల్లదొరకి పన్ను కట్టిన రైతుకూలీలు. అయినా నిజాం పాపాల పద్దు మా పేరు మీదే ఉంది. అమ్ముడుపోయిన సరుకు మీద పాత యజమాని అప్పు రాసినట్టుంది ఈ న్యాయం.

మా గడప దాకా వచ్చిన మొదటి పెద్ద ముస్లిం రాజకీయం ఖిలాఫత్. టర్కీలో సుల్తాను గద్దెని బ్రిటిష్‌వాళ్ళు కూలదోస్తున్నారని 1919లో మొదలైంది. గాంధీ దాన్ని సహాయ నిరాకరణతో కలిపాడు. హిందూ ముస్లిం భాయీ భాయీ అన్నారు. ఆ ఊపు తగ్గుముఖం పట్టిన రోజుల్లో, 1923 డిసెంబరు చివర, గౌతమి దాటితే మాకు అవతలొడ్డున్న కాకినాడలో కాంగ్రెస్ మహాసభ జరిగింది. అధ్యక్షుడు మౌలానా మహమ్మద్ అలీ. మా జిల్లా గడ్డ మీద ఒక ముస్లిం అంత ఎత్తు కుర్చీలో కూచోవడం అదే మొదలు. అప్పుడు అదే జిల్లా మన్యంలో అల్లూరి సీతారామరాజు గిరిజనులతో కలిసి పోరాడుతున్నాడు. కొండల్లో పోరాటం అడవి కోసం, పోడు కోసం, వెట్టి పోవడం కోసం. కింద సభలో మా పేరు మీద జరిగిన పోరాటం ఇస్తాంబుల్‌లో ఒక గద్దె కోసం.

సభ జరిగిన రెండు నెలలకి, 1924 మార్చి 3న, టర్కీ పార్లమెంటే ఖలీఫా పదవిని రద్దు చేసింది. రద్దు చేసింది ముస్తఫా కెమాల్, ముస్లింలు. ఏ గద్దె కోసం ఇక్కడి బీద సాయిబులు చందాలిచ్చారో, జైళ్ళకెళ్ళారో, ఆ గద్దెని టర్కీ వాళ్ళే తీసి అవతల పారేశారు. చందాలిచ్చినవాళ్ళకి ఎవరూ ఒక్క మాట చెప్పలేదు. "మేం తప్పు లెక్కేశాం, మీ కడుపు సంగతి ముందు చూడవలసింది" అని ఏ మౌలానా మా వాకిట్లోకి రాలేదు.

ఆ కాకినాడ ఉపన్యాసంలోనే ఇంకో ముచ్చట వచ్చింది. అంటరానివాళ్ళ మధ్య పనిచెయ్యడానికి దేశాన్ని ప్రాంతాలుగా విడదీసుకుని, ఒకచోట హిందూ ప్రచారకులు, ఇంకోచోట ముస్లిం ప్రచారకులు పని చేసుకోవచ్చన్న సూచన అది. అంబేడ్కర్ తర్వాత దీన్ని ఎత్తి చూపించాడు. పంచముల్ని పంచుకోవడం అన్నమాట! పంచుకునే చేతులు రెండూ పెద్దింటివే. ఎవరి వాటాకి ఎవరొస్తారో ఆ వచ్చేవాళ్ళని అడిగిన పాపాన పోలేదు. మేం ఈ మాట సిగ్గుతో రాస్తున్నాం. ఎందుకంటే మాలో చాలామంది ఒకప్పుడు ఆ పల్లెల నించి, ఆ వెలివాడల నించి, ఆ చేతివృత్తుల నించి వచ్చినవాళ్ళమే. కత్తి మెడ మీద పెడితే వచ్చామని హిందూత్వవాదులు అంటారు. అరేబియా నించి గుర్రమెక్కి వచ్చామని మా పెద్దింటి సయ్యద్‌లు అంటారు. మా ఇంటిపేర్లు, మా వృత్తులు, మా ఒంటి రంగు మాత్రం వేరే కథ చెబుతాయి.

అదే సభలో పాలూస్కర్ వందేమాతరం పాడబోతే మౌలానా సంగీతం కూడదని అడ్డుచెప్పాడనీ, పాలూస్కర్ ఆగకుండా పాడాడనీ చెప్పుకుంటారు. ఈనాటికీ ఆ కథని మా మీద రాయిలా విసురుతారు. విసరండి. కానీ ఆ మరుసటి ఏడాదే, 1924లో, ఇప్పటి ప్రకాశం జిల్లా కరవదిలో షేక్ చినమౌలానా పుట్టాడు. నాదస్వరం ఊది ఊది శ్రీరంగంలో స్థిరపడి, రంగనాథుడి సన్నిధిలో వాయించాడు. తెలుగు దేశంలో ఎన్ని గుళ్ళలో, ఎన్ని పెళ్ళిపందిళ్ళలో మావాళ్ళు సన్నాయి ఊదారో లెక్కలేదు. సంగీతం హరామా హలాలా అన్న తర్కం మౌలానాలది. ఊపిరి బిగబట్టి ఊదింది మావాళ్ళు. కాకినాడ సభని గుర్తుపెట్టుకునే మీ జ్ఞాపకంలో కరవదికి చోటెందుకు లేదు?

తర్వాత ముస్లిం లీగు. 1909 నించి ముస్లింలకి ప్రత్యేక నియోజకవర్గాలున్నాయి. 1946 ఎన్నికల్లో మద్రాసు రాజధానిలో ముస్లిం సీట్లు దాదాపు అన్నీ లీగు గెల్చుకుంది. అందుకని "మీ తాతలు పాకిస్తాన్‌కి ఓటేశారు" అంటారు. ఏవండీ, మా తాతలకి ఓటెక్కడిది? పన్ను కట్టేవాడికీ, ఆస్తి ఉన్నవాడికీ, చదువుకున్నవాడికీ ఉండేది ఓటు. పరుపులు కుట్టే తాతకి లేదు, బీడీలు చుట్టే నాయనమ్మకి లేదు. ఓటేసినవాళ్ళు వ్యాపారులు, భూస్వాములు, ఉద్యోగులు. వాళ్ళు గీసిన పాకిస్తాన్ పటంలో కోనసీమ లేదు. అంతర్వేది రేవు నించి కరాచీకి పడవ లేదు. మేం ఎక్కడికీ పోలేదు. పోవాలన్న ఆలోచనే రాలేదు. అసలు అడగని ఓటుకి మూడు తరాలుగా జవాబు చెప్పుకుంటున్నాం.

ఇప్పుడు అసలు ముద్ర సంగతి. 1927లో హైదరాబాద్‌లో మజ్లిస్ పుట్టింది. 1931లో నిజాం పెద్ద కొడుక్కి, పదవి పోయి ఫ్రాన్సులో తలదాచుకున్న ఖలీఫా కూతురు దుర్రూషెహవార్‌నిచ్చి పెళ్ళి చేశారు. అక్కడ కూలిన గద్దె ఇక్కడి గద్దెతో వియ్యమందుకుంది. మజ్లిస్ ఒక నినాదం తెచ్చింది: అనల్ మాలిక్, నేనే యజమానిని. హైదరాబాద్ రాజ్యంలో ప్రతి ముస్లిమూ పాలకుడేనని దాని అర్థం. ఎంత తియ్యటి అబద్ధం! రిక్షా తొక్కే ముస్లిం ఎవడికి మాలిక్? ఊరూరా తిరిగి దూదేకే పింజారి దేనికి మాలిక్, భుజాన ఉన్న వింటికా? జాగీర్లు నవాబులవి, గడీలు దేశ్‌ముఖులవి, మాలిక్ అన్న మాట మాత్రం బీదోడికి. అదీ నాలుగు రోజులే.

విసునూరు దేశ్‌ముఖ్ మీద కోర్టులో పోరాడి గెలిచిన షేక్ బందగీని 1940లో దేశ్‌ముఖ్ మనుషులు చంపారు. బందగీ ముస్లిం. ముస్లిం రాజ్యంలో ఉన్నాడు. అనల్ మాలిక్ అన్న నాయకులు ఆ నెత్తుటికి మాలిక్‌లు కాలేదు. బందగీని తమవాడన్నది తెలంగాణ రైతులు. 1946లో కాశిం రజ్వీ మజ్లిస్ నాయకుడయ్యాడు. రజాకార్లు ఊళ్ళ మీద పడ్డారు. 1948 ఆగస్టులో బైరాన్‌పల్లి మీద చేసిన మారణకాండ మాకు తెలుసు. దాన్ని సమర్థించేవాడు మావాడు కాడు. ఆ నెల్లోనే ఇమ్రోజ్ పత్రిక సంపాదకుడు షోయబుల్లాఖాన్‌ని హైదరాబాద్ వీధిలో నరికి చంపారు. ఆయన చేసిన నేరం, హైదరాబాద్ ఇండియాలో కలవాలని రాయడం. మఖ్దూం మొహియుద్దీన్ ఎర్రజెండా పట్టుకుని నిజాంనే ఎదిరించాడు. బందగీ, షోయబుల్లా, మఖ్దూం. వీళ్ళూ ముస్లింలే కదా? మరి బడిలో రజ్వీ పేరు చెప్పి మా వైపు చూసిన కళ్ళు వీళ్ళ పేర్లు చెప్పి ఒక్కసారైనా చూశాయా?

ఇది హైదరాబాద్‌తో ఆగే కథ కాదు. టీ కొట్టు దగ్గర మమ్మల్ని సూడాన్ గురించి అడిగారు గనక సూడాన్ గురించే చెబుతాం. 1983లో నిమేరీ అనే సైనిక నియంత షరియత్ చట్టాలు పెట్టాడు. పద్నాలుగేళ్ళుగా గద్దె మీదున్నవాడికి అప్పుడే ఎందుకు గుర్తొచ్చింది మతం? గద్దె కదులుతోంది గనక. మహమూద్ మహమ్మద్ తాహా అనే డెబ్భై దాటిన పండితుడు, ఈ చట్టాలు ఇస్లాంనే అవమానిస్తున్నాయి, రద్దు చెయ్యమని కరపత్రం వేశాడు. 1985 జనవరి 18న ఆయన్ని ఉరి తీశారు. నాలుగు నెలలు తిరక్కుండానే జనం వీధుల్లోకి వచ్చారు, నిమేరీ పడిపోయాడు. 1989లో తురాబీ పార్టీ అండతో సైన్యాధికారి బషీర్ ఎక్కాడు. ముప్ఫై ఏళ్ళు మతం పేరు చెప్పి ఏలాడు. దక్షిణాది విడిపోయి 2011లో వేరే దేశమైంది. 2019లో మళ్ళీ జనమే బషీర్‌ని దింపారు. దింపినవాళ్ళలో ముందు వరసలో ఆడవాళ్ళు ఉన్నారు. వాళ్ళూ నమాజు చదివేవాళ్ళే. 2023లో ఆ దేశాన్ని ఇద్దరు సైన్యాధిపతులు యుద్ధంలోకి దింపారు.

ఖార్టూంలో తాహా, హైదరాబాద్‌లో షోయబుల్లా. మతం పేరుతో గద్దె నిలబెట్టుకోవాలనుకున్నవాడికి ఇంట్లోంచి ప్రశ్నించే గొంతంటే వణుకు. ఆ గొంతుని వాడు కోస్తాడు. కోసినవాడి పేరు మీరు గుర్తు పెట్టుకుంటారు, మమ్మల్ని ఆ పేరుతో పిలుస్తారు. కోయించుకున్నవాడి పేరు మీకూ అక్కర్లేదు, మా నాయకులకీ అక్కర్లేదు. వాడు ఉన్నాడంటే మీ ఇద్దరి వ్యాపారమూ దెబ్బతింటుంది.

రజాకార్ల పాఠానికి రెండో సగం కూడా ఉంది. 1948 సెప్టెంబరులో సైన్యం హైదరాబాద్‌లో దిగాక మరాఠ్వాడా, కన్నడ జిల్లాల్లో ముస్లింల మీద ఊచకోత జరిగింది. కేంద్ర ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ, చనిపోయినవాళ్ళు 27 వేల నించి 40 వేల దాకా ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక 2013 దాకా జనం చేతికి రాలేదు. చచ్చినవాళ్ళలో నవాబులెందరు? నవాబులు బతికారు. నిజాం రాజప్రముఖ్ అయ్యాడు. కాశిం రజ్వీ జైలు నించి 1957లో విడుదలై పాకిస్తాన్ వెళ్ళిపోయాడు. గడీల దొరలు కొందరు రజాకార్ల అండ వదిలి ఖద్దరు టోపీ పెట్టుకున్నారు. మాలిక్ అనిపించుకున్న బీదోడు బావిలో శవమయ్యాడు. గద్దె నాటకంలో ఎప్పుడూ ఇదే చివరి అంకం.

మా లోపలి సంగతి కూడా మాట్లాడాలి. లేకపోతే ఈ రాతకి అర్థం లేదు. ఆ తర్వాతి ముస్లిం నాయకత్వం మాకేం చేసింది? మజ్లిస్‌ని 1950ల చివర్లో మళ్ళీ లేపారు. 1984 నించి హైదరాబాద్ పార్లమెంటు సీటు ఆ ఒక్క ఇంటిదే. మా కొబ్బరి చెట్ల కిందకి ఆ జెండా రాలేదు, వచ్చినా మాకు ఒరిగేది లేదు. 1985లో సుప్రీంకోర్టు షాబానో అనే ముసలామెకి భరణం ఇమ్మంటే దేశమంతా ఊరేగింపులు తీశారు. విడాకులిచ్చి వీధిలోకి నెట్టిన ఆడదానికి నెలకి నాలుగు రూపాయలు దక్కకుండా చూడ్డానికి అంత ఐకమత్యం! మా పిల్లలకి బడి లేదని, దూదేకులోళ్ళ పిల్లని షేకులు చేసుకోరని, పఠాన్ల ఇంట్లో ఫకీరుకి చాప వెయ్యరని ఎప్పుడైనా ఒక్క ఊరేగింపు తీశారా? ఇస్లాంలో కులం లేదంటారు. కురాన్‌లో లేదు. పెళ్ళి సంబంధాల్లో ఉంది, కబరస్తాన్‌లో ఉంది.

ఇంట్లో తెలుగు మాట్లాడే దూదేకులవాళ్ళని "నువ్వేం ముసల్మానువి, ఉర్దూ రాదు" అని ఎగతాళి చేసిందెవరు? మా పెద్దింటివాళ్ళే. "నువ్వేం తెలుగువాడివి, సాయిబువి" అన్నదెవరు? మీరే. రెండు వైపులా గెంటించుకున్న చోట నిలబడి మాట్లాడుతున్నాం.

రిజర్వేషన్ల సంగతి చూడండి. దూదేకుల, నూర్‌బాషా, పింజారులు 1970 నించి బీసీ జాబితాలో ఉన్నారు. మిగతా బీద ముస్లింల కోసం 2004లో ప్రభుత్వం అయిదు శాతం అంటే కోర్టు కొట్టేసింది. 2005లో మళ్ళీ అదే అయింది. 2007లో కులాల వారీగా లెక్క తీసి నాలుగు శాతంతో బీసీ-ఇ అని చట్టం చేస్తే అది నిలబడుతూ వచ్చింది. ఆ జాబితా ఒకసారి చదవండి: అత్తరు సాయిబులు, గారడీ సాయిబులు, గుడ్డెలుగు వాళ్ళు, తురక చాకళ్ళు, హజాములు, ఫకీర్లు, ఖురేషీలు, తురక కాశలు. ఆఫ్రికా నించి బానిసలుగా, సిపాయిలుగా తెచ్చినవాళ్ళ సంతానం సిద్దీలు. సయ్యద్‌లు, పఠాన్లు, మొగల్‌లు అందులో లేరు. మా ఉమ్మత్ అసలు మొహం ఆ జీవోలో ఉంది. ఏ ఖిలాఫత్ సభ తీర్మానంలోనూ ఆ పేర్లు లేవు. ఎలుగుబంటిని ఆడించి పొట్టపోసుకునేవాడూ, ఖలీఫా అల్లుడూ ఒకే మతం అనుకోమంటారు. మతం ఒకటే కావచ్చు. రాజకీయం ఒకటి కాదు.

అభ్యుదయవాదులకి ఒక మాట. మేం కులం, మతం ఎత్తగానే వర్గ ఐక్యత దెబ్బతింటుందని మీకు బెంగ పట్టుకుంటుంది. మా మీద రాయి పడ్డప్పుడు రెండు మతోన్మాదాలనీ ఖండిస్తున్నామని తక్కెడ పట్టుకొస్తారు. 1992 డిసెంబరు 6న మసీదు కూలినప్పుడు కూడా ఆ తక్కెడే. బీజేపీ వాడు మమ్మల్ని శత్రువంటాడు, అది తెలిసిన సంగతే. మీరు మమ్మల్ని సమస్య అంటారు. మేం మనుషులం. మా లోపలి నవాబులతో మేం తేల్చుకుంటాం. దానికి మీ సర్టిఫికెట్టు అక్కర్లేదు, మీ తోడు కావాలి.

కోనసీమ నించి గల్ఫ్‌కి పోని వీధి లేదు. సఖినేటిపల్లి, మలికిపురం, రాజోలు, గన్నవరం ఏ ఊరైనా తీసుకోండి. కువైట్‌లో, మస్కట్‌లో, దుబాయ్‌లో ఇళ్ళపని చేసే అక్కలు, బళ్ళు తోలే అన్నలు. మాలో ఉన్నారు, మాలపల్లెలోనూ ఉన్నారు, కాపుల్లోనూ, శెట్టిబలిజల్లోనూ ఉన్నారు. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ని ఆక్రమించినప్పుడు లక్షా డెబ్భై వేల మంది ఇండియావాళ్ళని విమానాల్లో వెనక్కి తెచ్చారు. ఒక ముస్లిం రాజ్యం ఇంకో ముస్లిం రాజ్యాన్ని మింగింది. మా ఉమ్మత్ ఏమైందో అల్లాకే తెలియాలి. ఆ ఎడారిలో నీళ్ళసీసా పంచుకున్నది మా ఊరి వాళ్ళు, మతం అడక్కుండా. అరబ్బు యజమాని మమ్మల్ని ఏమంటాడో తెలుసా? 'హిందీ' అంటాడు. హిందీ అంటే ఇండియావాడు. అక్కడ మేం హిందీలం. ఇక్కడికి దిగితే అరబ్బులం. విమానంలో ఉన్నంతసేపే మేం ఎవరిమో మాకు తెలుస్తుంది.

చివరికి మా ఊరికే వద్దాం. 2022 ఏప్రిల్‌లో కోనసీమ జిల్లా అయింది. దానికి అంబేడ్కర్ పేరు పెడతామంటే మే 24న అమలాపురం తగలబడింది. దళిత మంత్రి ఇల్లు, బీసీ ఎమ్మెల్యే ఇల్లు కాల్చారు. ఆ రోజు మేం తలుపులు వేసుకుని కూచున్నాం. "మనకెందుకు, ఇది వాళ్ళూ వాళ్ళూ చూసుకుంటారు" అన్నారు మా పెద్దలు. నూటికి ఇద్దరం కూడా లేనివాళ్ళం, భయం అర్థమవుతుంది. కానీ వందేళ్ళ కిందట టర్కీ సుల్తాను కోసం వీధుల్లోకి వచ్చిన జాతి, తన వీధిలో తన పక్కింటివాడి ఇల్లు కాలుతుంటే లోపల గడియ పెట్టుకుంది. ఇంతకన్నా మా రాజకీయాల దివాళా ఏముంటుంది?

అంబేడ్కర్ 1940లోనే రాశాడు, ముస్లిం రాజకీయాలు ముస్లిం బీదవాడి గురించి పట్టించుకోవని. చదివి కోపం తెచ్చుకున్నాం. కోపం చల్లారాక చూస్తే, ఆయన అన్నది మా తాత మాటే. మా తాతకి రాయడం రాదు, ఆయనకి వచ్చు, అంతే తేడా. ఆయన పేరున్న జిల్లాలో ఉంటున్నాం ఇప్పుడు. ముస్లిం అయిన దళితుడికీ, క్రైస్తవుడైన దళితుడికీ 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులం హోదా లేకుండా చేసింది. మాకూ మాలపల్లె చర్చికీ మధ్య ఉన్న దారి అక్కడ మొదలవుతుంది. ఇస్తాంబుల్‌కి పోయే దారి కన్నా దగ్గర.

అందుకని ఇక నించి మా మాట ఇది. ఖలీఫా గద్దె మాకొద్దు, నిజాం గద్దె మాకొద్దు. అవి ఎన్నడూ మావి కావు. వాటి పాపం మా నెత్తిన పెట్టకండి. మమ్మల్ని రజాకార్లు అని పిలిచే ముందు బందగీ ఎవరో తెలుసుకోండి. మా పేరు చెప్పి ఓట్లు ఏరుకునే మా పెద్దల్లారా, ఇంకోసారి ఇస్లాం ప్రమాదంలో ఉందని మా గుమ్మంలోకి వస్తే, ఎవరి గద్దె కదిలిందని ముందే అడుగుతాం. ఇస్లాంకి ఏ ప్రమాదమూ రాదు. ప్రమాదంలో ఉన్నది పరుపుల పని పోయిన మా అన్న, కువైట్‌లో పాస్‌పోర్టు లాక్కోబడ్డ మా అక్క, బడి మానేసి సైకిల్ షాపులో పంచర్లు వేస్తున్న మా తమ్ముడు.

రేపు మళ్ళీ ఏదో బడిలో రజాకార్ల పాఠం వస్తుంది. పిల్లలు మళ్ళీ తిరిగి చూస్తారు. ఈసారి మా పిల్లలు తల దించరు. లేచి నిలబడి, "మాస్టారూ, షోయబుల్లాఖాన్ పాఠం ఎప్పుడు చెబుతారండీ?" అని అడుగుతారు. ఆ ప్రశ్న మేం వాళ్ళకి నేర్పుతున్నాం.